పంతొమ్మిది తర్వాత

నా భార్య పోయి రెండు నెలలు దాటింది. ఒక శనివారం ఉదయం, మా ఇంటి ముందు గదిలో, చాప మీద కూర్చుని, ఒక పాప కాలు చేతుల్లో పట్టుకుని, పంతొమ్మిది వరకు లెక్కపెట్టి ఆగిపోయింది. గుండె అన్నారు. ఈ పత్రిక చదివేవాళ్లలో ఆమె చేతులు ఎరిగినవాళ్లు చాలామంది ఉంటారు. ఎవరికైనా కబురు అందకపోయి ఉంటే ఇదే కబురు అనుకోండి.

ఆమె ఫిజియోథెరపిస్టు. గోదావరిఖనిలో ఆ మాట ఎవరికీ నోరు తిరగని రోజుల్లో ఆ పని మొదలుపెట్టింది. జనం తమకు తోచినట్టు 'కసరత్తు మేడం' అన్నారు. చాలా ఏళ్లు దవాఖానలో, రిటైరయ్యాక మా ముందు గదిలో పనిచేసింది. పెద్దవాళ్ల నడుములూ భుజాలూ వేరేవాళ్లకు వదిలేసింది. ఆమె దగ్గరికి వచ్చింది పిల్లలు. పాదాలు లోపలికి తిరిగి పుట్టినవాళ్లు, మెడ ఒక పక్కకు వాలి పుట్టినవాళ్లు, పాలపళ్లు ఊడకముందే కీళ్లవాతం వచ్చినవాళ్లు. పిల్లలకు కీళ్లవాతం ఏమిటని నేనూ ఒకప్పుడు అడిగాను.

"పిల్లలకు కీళ్లు ఉంటయి గదా, సర్వే సాబు," అంది.

నేను గనిలో సర్వేయర్‌ని. భూమి కింద ఏ దారి ఎటు పోతుందో కొలిచి గీయడం నా పని. నలుగురిలో ఆ పిలుపు గౌరవంగా పలికేది. ఇంట్లో అదే ఎగతాళి.

పెళ్లయిన కొత్తలో ఒకసారి, గని కప్పు గట్టిగా ఉందో లేదో ఎట్లా తెలుస్తుందని అడిగింది. కర్రతో తడతామని చెప్పాను. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల విడిపోయిన కప్పు బోలుగా పలుకుతుంది. తడుతూ రెండో చెయ్యి కప్పుకు ఆనిస్తే వణుకు తెలుస్తుంది. చెవికి అందనిది చేతికి అందుతుంది. ఆ తర్వాతే ఆమె పిల్లల కీళ్లను పట్టుకునే తీరు మారిందో, నేనే అప్పటినుంచి గమనించానో చెప్పలేను. కీలు మీద చెయ్యి ఆనించి, తల కొంచెం వంచి, గోడకేసి చూస్తూ ఉండిపోయేది. గదిలో మిగతావాళ్లకు వినపడనిది ఏదో వింటున్నట్టుండేది. కొత్తగా వచ్చిన తల్లులు ఆ చూపుకు జంకి, బిడ్డను కొంచెం దగ్గరికి లాక్కునేవారు.

తండ్రులను మాత్రం వదిలేది కాదు. "బాయిల దిగంగనే కప్పు తట్టి చూస్తవు. బిడ్డ మోకాలు ఎన్నడన్న ముట్టి చూసినవా?" అని ఒకతన్ని అడిగింది. బాయి అంటే గని.

"డ్యూటీల ఉంట కద మేడం."

"నేను గూడ డ్యూటీలనే ఉన్న. కూసో. చెయ్యి ఇటియ్యి."

అతను గని దుమ్ము పోని చేతితో మూడేళ్ల కొడుకు పాదం పట్టుకుని, ఆమె చూపించినట్టు బయటికి తిప్పడం నేర్చుకున్నాడు. ఆ కొడుకు కడ్డీతో కలిపిన బూట్లు వేసుకుని ఏళ్ల తరబడి పడుకున్నాడు. ఇప్పుడు వాడూ గనిలోనే పనిచేస్తున్నాడు. వాడి గురించి మళ్లీ చెబుతాను.

కీళ్లవాతం పిల్లలకు తెల్లవారితే కష్టం. రాత్రంతా కదలని కీళ్లు బిగుసుకుపోతాయి. మంచం దిగడానికే గంట పడుతుంది. వాళ్లకోసం ఆమె ఇసుక మూటలు కుట్టింది. బొగ్గు తీసేసిన ఖాళీల్లో మేము గోదావరి ఇసుక నింపేవాళ్లం. నింపకపోతే పైన ఊరు కుంగుతుంది. ఆ ఒడ్డునుంచే ఆమెకు ఒక గోనెసంచి ఇసుక తెచ్చిచ్చాను. కడిగి, ఎండబెట్టి, జల్లించి, మందపాటి గుడ్డలో రెండు మూటలు చేసింది. పెనం మీద వెచ్చచేసి, ముందు తన ఎడమ అరచెయ్యి ఒత్తి ఓర్చుకోగలిగే వేడేనా అని చూసుకుని, అప్పుడు పిల్ల కీలు మీద పెట్టేది. ఆ తర్వాత లాగి పట్టడం, లెక్క.

లెక్క ముప్పై. కీలు ఎంతవరకు వస్తే అంతవరకు తెచ్చి, అక్కడ పట్టుకుని ముప్పై లెక్కపెట్టాలి. "కీలుతోని కొట్లాడొద్దు. అడుగు. ఇచ్చినంత తీసుకో," అనేది. కానీ లెక్క దగ్గర దయ లేదు. మొదలైందంటే పిల్ల కదలకూడదు, తల్లి లోపలికి రాకూడదు, నేను పిలవకూడదు. ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ గనిలో రోజూ పేల్చే బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరినా, అలమారలో గిన్నెలు మోగినా, ఆమె గొంతు ఒక్క అంకె దగ్గర కూడా తడబడేది కాదు. "నడిమిట్ల ఇడిస్తే అది లెక్కనే కాదు" అనేది. పిల్లలు దాన్ని ప్రార్థనకంటే గట్టిగా నమ్మారు.

ఆ శనివారం నేను వంటగదిలో పాలు కాస్తున్నాను. వచ్చింది తొమ్మిదేళ్ల పాప. తల్లి లేదు. తండ్రి గనిలో పని. నాయనమ్మ పెంచుతోంది. ఎడమ మోకాలు ఒకప్పుడు వంగి బిగుసుకుపోతే, ఏడాదిగా నా భార్య దాన్ని వేలెడు వేలెడుగా చాపిస్తూ వచ్చింది. ఇంకొంచెమే మిగిలింది. నాయనమ్మ బయట అరుగు మీద పక్కింటావిడతో మాట్లాడుతోంది. గోడ అవతలినుంచి లెక్క వినపడుతోంది. పదిహేడు. పద్దెనిమిది. పంతొమ్మిది.

తర్వాత వినపడలేదు.

మనసులో లెక్కపెడుతోందనుకున్నాను. లెక్క మధ్యలో వెళ్లకూడదు కనుక వెళ్లలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. తుడిచాను. అప్పుడు వెళ్లాను.

గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడి చెయ్యి పాప మడమ కింద, ఎడమ చెయ్యి మోకాలి మీద. తల వంచి, ఎప్పటిలా ఏదో వింటున్నట్టే ఉంది. పాప కాలు చాపి కదలకుండా కూర్చుంది. నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ష్... లెక్క నడుస్తున్నది."

నేను వెంటనే వెళ్లినా తేడా ఏమీ ఉండేది కాదని డాక్టర్ చెప్పాడు. ఆ మాట నమ్ముతున్నాను. పాలు మాత్రం ఆ తర్వాత ఇంట్లో కాయలేదు.

మర్నాడు మట్టి చేశాం. మా సమాధుల తోట పాత గని మీద ఉంది. ఆ గని నేను కొలిచిందే. ఆమెను ఉంచిన చోటికి నేరుగా కింద ఏ దారి ఉందో, అందులో ఎంత ఎత్తున ఇసుక నింపామో నాకు తెలుసు. ఒక మనిషికి తన భార్య గురించి తెలియాల్సిన సంగతి కాదది. పెట్టెను దించేటప్పుడు తాళ్లు పట్టిన నలుగురిలో ఇందాక చెప్పిన అబ్బాయి, కడ్డీ బూట్ల అబ్బాయి, ఒకడు. తాడు సమానంగా వదలాలని వాడు మెల్లగా లెక్క మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. వెనకనుంచి ఇంకెవరో కలిశారు. తర్వాత చాలామంది. ఆమె దగ్గర పెరిగినవాళ్లు అక్కడ అంతమంది ఉన్నారని అప్పుడే తెలిసింది. అందరిదీ ఒకటే వేగం, ఆమె వేగం. పద్దెనిమిది దగ్గర పెట్టె నేలకు తగిలింది. పంతొమ్మిది ఎవరూ అనలేదు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు.

ఇంటికి వచ్చాక ముందు గది సర్దాను. ఇసుక మూట చాప పక్కనే ఉంది. దాని మీద ఆమె ఎడమ అరచేతి గుంట, అయిదు వేళ్లతో సహా, అట్లాగే ఉంది. దులపబుద్ధి కాలేదు. కదలకుండా తీసి, రెండో మూట పక్కన, ఉత్తరం కిటికీలో పెట్టాను. ఆ కిటికీకి ఎండ రాదు. ఇసుక నిలిచేది కాదని నాకు తెలుసు. రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగ్ అవుతుంది. ఇల్లు అదురుతుంది. నాలుగు రోజుల్లో గుంట పూడిపోవాలి. పాత అలవాటు కొద్దీ స్టీలు స్కేలుతో కొలిచాను. మర్నాడు కొలిచాను. వారం తర్వాత కొలిచాను. పూడలేదు. ఎందుకో నాకు తెలియదు. కొలిచింది రాస్తున్నాను.

మూడో వారంలో పాప నాయనమ్మ వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"సార్, ఒక మాట చెప్త. కోపానికి రావద్దు."

"చెప్పక్కా."

"మేడం పోలేదు సార్. మా ఇంట్ల ఉన్నది."

కుర్చీ ఆమెవైపు ఇంకొంచెం జరిపాను.

"పిల్ల మోకాలు మీద చెయ్యి పెట్టి కూసున్నదట. లెక్క కాలేదు, మేడం చెయ్యి తియ్యలేదు అంటది. కాలు ముట్టనిస్తలేదు. నేను బలిమికి ముట్టి చూసిన సార్. వెచ్చగున్నది. మనిషి గిప్పుడే చెయ్యి పెట్టి తీసినట్టున్నది."

నా భార్య అయితే ఆ వేడి గురించి పది ప్రశ్నలు అడిగేది. నేను అడిగింది ఒక్కటే.

"ఏ చెయ్యి?"

"ఎడమ చెయ్యంటది."

మీరు ఒకసారి రావాలె సార్ అంది. వస్తానన్నాను. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఇక్కడ ఒప్పుకోవాలి. నేను వెళ్తే ఆ చెయ్యి ఉండదేమోనని భయపడ్డాను. ఎక్కడో ఒకచోట లెక్క ఇంకా నడుస్తోందన్న మాట నాకు తోడుగా ఉంది. పొద్దున్నే లేచి, పాలు లేని టీ తాగుతూ, పాప వాళ్లుండే గని క్వార్టర్ వైపు తిరిగి కూర్చునేవాణ్ని. ఒక పిల్ల మోకాలు వంగిపోతుంటే నేను చేసింది అదీ.

పది రోజుల తర్వాత తండ్రి వచ్చాడు. ఫస్టు షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కనురెప్పలకు బొగ్గు ఉంది. గడప దాటలేదు.

"మేడం మంచిదే సార్. నేను కాదంటలేను. గానీ సచ్చినంక గూడ పట్టుకొని కూసుంటే ఎట్ల? పిల్ల మల్ల కుంటుతున్నది. మా అమ్మ తాయెత్తు కట్టిస్తనంటున్నది. మీరన్న జెప్పుండ్రి ఆమెకు, ఇడిచిపెట్టుమని."

"నేను చెప్తే వింటదా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "బతికున్నప్పుడు ఇన్నదా ఏంది?"

ఆమె పోయాక నేను నవ్వడం అదే మొదలు. చెప్పులు వేసుకున్నాను.

పాప మంచం మీద గోడవైపు జరిగి కూర్చుంది. ఎడమ మోకాలు వంచుకుని, దాని మీద దుప్పటి కప్పుకుని ఉంది. నన్ను గుర్తుపట్టి కొంచెం జరిగింది, నా వెనక ఇంకెవరికో చోటిస్తున్నట్టు.

"ముట్టుకోనా?" అని అడిగాను. అడగాలని ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

"మేడం చెయ్యి మీదికెల్లి ముట్టుకోవాలె మరి."

"సరే."

రిటైరయ్యాక కొన్నాళ్లు నేను ఆమెకు సాయం చేసేవాణ్ని. అప్పుడు ఒకసారి నా చెయ్యి పట్టుకుని బోర్లా తిప్పింది. "అరచెయ్యి మీద నమ్మకం పెట్టొద్దు. చెయ్యి ఎనకవైపు ఆనించి చూడాలె. ముందు మంచి కీలు, తర్వాత జబ్బు కీలు. తేడా ఉంటే లోపల నిప్పున్నట్టు. ఇసుక పెట్టొద్దు, లాగొద్దు. డాక్టర్ దగ్గరికి పోవాలె. అంతే, ఇంకో మాట లేదు."

చెయ్యి తిప్పి వెనకవైపు కుడి మోకాలికి ఆనించాను. చల్లగా ఉంది. దుప్పటి తీసి ఎడమ మోకాలికి ఆనించాను. వెచ్చగా ఉంది. నాయనమ్మ చెప్పినట్టే ఉంది. కానీ మోకాలిచిప్ప అంచులు కనపడడం లేదు. చుట్టూ ఉబ్బి నున్నగా ఉంది. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ చూశాను. అది చెయ్యి కాదు. వాపు. చెయ్యి అయితే బాగుండునని ఆ క్షణం అనుకున్నాను.

"ఆదివారం మాత్ర వేస్తున్నారా?" అని అడిగాను.

నాయనమ్మ కొడుకుకేసి చూసింది. వారానికి ఒక్కసారి వేయాల్సిన మాత్ర అది. కీళ్లలో మంటను అదుపులో పెట్టేది అదే.

"మేడం ఫోన్ చేస్తుండె సార్," అంది నాయనమ్మ. "చర్చికెల్లి ఇంటికి రాంగనే చేస్తుండె. ఏసినవా అక్కా, అని. అడగంగనే ఏస్తుంటి. మల్ల ఫోన్ రాలే."

అయిదు ఆదివారాలు ఫోన్ రాలేదు. ఆ ఫోన్ నా అలమారలోనే ఉంది.

కోపం చేయడానికి నాకు ముఖం లేదు. వాళ్లు మాత్ర మరిచిపోయారు, నేను ప్రశ్న మరిచిపోయాను. అందరం కలిసి ఒక పిల్ల జబ్బును ఆమె చెయ్యి అనుకుని భద్రంగా దాచిపెట్టాం. మర్నాడే బస్సులో కరీంనగర్ వెళ్లాం, కీళ్ల డాక్టర్ దగ్గరికి. మోకాలిలోంచి నీరు తీసి సూది మందు వేశారు. మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. ఇంకో నెల ఆలస్యమైతే కాలు చాపడం కష్టమయ్యేదని, పద్నాలుగు రోజుల తర్వాత కసరత్తు మొదలుపెట్టొచ్చని చెప్పారు. ఆదివారాలు ఇప్పుడు నేను ఫోన్ చేస్తున్నాను, ఆమె ఫోన్ నుంచే. మొదటిసారి ఆ నంబరు చూసి అవతల చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాక నాయనమ్మ ముందు "ఏసిన మేడం" అంది. తర్వాత "ఏసిన సార్" అంది.

వాపు తగ్గింది. రెండు మోకాళ్లూ ఒకే చల్లదనానికి వచ్చాయి. రెండుసార్లు చూశాను. కాలు చాపమంటే మాత్రం పాప చాపలేదు.

"చెయ్యి ఉన్నది కద."

"వేడి పోయింది కదమ్మా. డాక్టర్ ఏం చెప్పిండు?"

"డాక్టర్‌కు ఏడికెల్లి తెలుస్తది? ఆయన లెక్కపెట్టలే." అని, తప్పు చేసినవాణ్ని చూసినట్టు చూసింది. "పంతొమ్మిది కాడ ఆగింది. మిగిలినయి ఎవరు చెప్పాలె?"

డాక్టర్ పంపిన కొత్త ఫిజియోథెరపిస్టు, పెద్దపల్లి నుంచి వచ్చే చిన్న అమ్మాయి, పాప కాలు చూసి నాతో పక్కకు వచ్చి అంది: "అంకుల్, బలవంతం చేస్తే బిగబట్టుకుంటది. తనంతట తను వదలాలె. మీరే చెప్పుండ్రి. నేను పక్కన ఉంట."

పోయిన శనివారం ఉదయం మా ముందు గదిలోనే చాప పరిచాం. ఆమె కూర్చున్న చోట, గోడకు ఆనుకుని కూర్చున్నాను. కుడి చెయ్యి మడమ కింద పెట్టాను. ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టాను. చేతికి చర్మం చల్లగానే తగిలింది. కొత్త అమ్మాయి నా మోచెయ్యి సరిచేసి వెనక్కి జరిగింది. నాయనమ్మ అరుగు మీదికి వెళ్లి నిలబడింది.

"మొదటికెల్లి చెప్పొద్దు," అంది పాప. "పంతొమ్మిది అయిపోయింది."

ఇంతకాలం ఏ లెక్క విని నా పొద్దు మొదలైందో ఆ లెక్కను నేనెప్పుడూ పైకి చెప్పలేదు. నోరు తెరిచాను. రాలేదు. పాప ఓపిగ్గా చూసింది. లెక్కలో ఎవరైనా ఆలస్యం చేస్తే నా భార్య చూసే చూపే అది.

"ఇరవై," అన్నాను.

కాలు నా చేతుల్లో కొంచెం బరువెక్కింది. పిల్ల వదిలితేనే కాలు బరువు చేతికి వస్తుందని ఆమె చెప్పేది. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఆమె వేగం నాకు తెలుసు కానీ నేను తొందరపడలేదు. నెమ్మదిగా చెప్పాను, ఆమెకంటే నెమ్మదిగా. ఎందుకో మీకు తెలుసు. ఇరవై ఆరు దగ్గర మోకాలు నా అరచేతి కింద దిగడం తెలిసింది. ఇరవై తొమ్మిది దగ్గర ఆగిపోదామనిపించింది. పాప నా ముఖంలోకి చూస్తోంది. కాలు తనది.

"ముప్పై."

పాప పొడుగ్గా ఊపిరి వదిలింది. "తీసింది," అంది.

"తీశాను," అన్నాను.

"మీరు కాదు. మీరింక పట్టుకునే ఉన్నరు."

చూసుకుంటే నిజమే. నా చేతులు అక్కడే ఉన్నాయి.

పాప లేచి, గోడ పట్టుకుని గది దాటింది. తర్వాత గోడ వదిలి అరుగు దాకా నడిచింది. ఇంకా కుంటుతోంది. ఆ కుంటు పోవడానికి నెలలు పడతాయని కొత్త అమ్మాయి చెప్పింది. సోమవారం నుంచి రోజూ వస్తానంది. ఈ గదిలోనే చేద్దామంటే సరేనన్నాను.

వాళ్లు వెళ్లాక నేను ఉత్తరం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గుంట అట్లాగే ఉంది. స్కేలు పెట్టి చూశాను. మొదటి రోజు లోతే. మధ్యాహ్నం సైరన్ మోగింది. ఓపెన్‌కాస్ట్‌లో పేల్చారు. అలమారలో గిన్నెలు మోగాయి. కిటికీ రెక్క అదిరింది. నేను చూస్తుండగానే ఇసుక మెల్లగా జారింది. ముందు బొటనవేలి గుంట నిండింది. తర్వాత మిగతా నాలుగు. చివరికి అరచెయ్యి. కొలవడానికి ఏమీ మిగల్లేదు.

చెయ్యి తిప్పి వెనకవైపు ఆనించాను, ఆమె నేర్పినట్టే, ముందు రెండో మూటకు, తర్వాత దీనికి. రెండో మూట చల్లగా ఉంది. ఇది వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు.